ఇంట్లోనే చిన్న మెయిల్ సర్వర్: టెస్ట్ మెయిల్ బయటికి వెళ్లడం లేదు

గూటిపిట్ట

అందరికీ నమస్కారం. వారం రోజులుగా రాత్రిళ్లు దీని మీదే కూర్చుంటున్నాను. ఇక నా వల్ల కాక అడుగుతున్నాను.

పాత మినీ కంప్యూటర్ ఒకటుంది. దాని మీద డెబియన్ 13 (లినక్స్) వేసి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాను. రాత్రి బ్యాకప్‌లు అదే తీస్తుంది, డిస్కులు ఎలా ఉన్నాయో అదే చూస్తుంది. ఇవి కాక స్కానర్ ఉన్న ప్రింటర్, ఒక కెమెరా ఉన్నాయి. ఏదైనా తేడా వస్తే వీటన్నిటికీ తెలిసిన దారి మెయిల్ ఒక్కటే. ఇంట్లో పుట్టిన మెయిల్ ఎక్కడో బయటి సర్వర్ దాకా వెళ్లి మళ్లీ ఇంటికే రావడం నాకు ఇష్టం లేదు. ఇంకో సంగతి, బయటి ఖాతాలో 14 ఏళ్ల ఉత్తరాలు ఉన్నాయి. వాటిలో నాన్నగారు రాసినవీ ఉన్నాయి. వాటి కాపీ ఒకటి నా ఇంట్లో, నా డిస్కులో ఉండాలి.

మెయిల్ తీసుకుని పంపే పోస్ట్‌ఫిక్స్ వేశాను, డొమైన్ కొన్నాను. వచ్చిన మెయిల్‌ని దాచి చదివించే డవ్‌కాట్ ఇంకా వేయలేదు. బయటి ఖాతాకి టెస్ట్ మెయిల్ పంపితే వెళ్లడం లేదు. లాగ్‌లో ప్రతిసారీ "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అనే కనిపిస్తోంది. రౌటర్‌లో పోర్ట్ 25 (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే దారి) ఫార్వర్డ్ చేస్తే సరిపోతుందా?

చుక్కాని

గూటిపిట్ట గారూ, పోర్ట్ ఫార్వర్డ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది లోపలికి వచ్చే దారి. మీ మెయిల్ ఆగింది బయటికి వెళ్లే దారిలో.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంటి నుంచి ఏదైనా పెద్ద మెయిల్ కంపెనీ సర్వర్‌కి టెల్‌నెట్ అనే కమాండ్‌తో పోర్ట్ 25 మీద కనెక్ట్ అవ్వండి. తర్వాత ఆ కంపెనీ మెయిల్ పంపడానికి ఇచ్చే సర్వర్‌కి పోర్ట్ 587 మీద కనెక్ట్ అవ్వండి. 587 వెంటనే పలికి, 25 అలా నిలబడిపోతే మీ ఇంటర్నెట్ కంపెనీ 25ని మూసేసిందని అర్థం. ఇళ్ల కనెక్షన్లలో ఇది చాలా మామూలు. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు యజమానికి తెలియకుండా స్పామ్ చిమ్ముతాయి కాబట్టి దారినే మూసేస్తారు.

రౌటర్‌లో వ్యాన్ ఐపీ (బయటి ఇంటర్నెట్ వైపు చిరునామా) ఎంతో కూడా చూసి చెప్పండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదు, ఎంతోమందితో కలిపి ఒకటే ఇచ్చారు. అప్పుడు పోర్ట్ ఫార్వర్డ్ చేసినా ఎవరూ మీ గుమ్మం దాకా రాలేరు.

గూటిపిట్ట

చూశాను. 587 వెంటనే 220 (సిద్ధం) అని పలికింది. 25 రెండు నిమిషాలు అలాగే నిలబడి తెగిపోయింది. వ్యాన్ ఐపీ మాత్రం నిజమైన పబ్లిక్ ఐపీయే, కానీ రౌటర్ ఆపి వేస్తే మారిపోతోంది.

మునిమాపు

ఇంటి కనెక్షన్ నుంచి నేరుగా మెయిల్ పంపే ఆలోచన వదిలేయండని నా మాట. 25 తెరిపించుకున్నా కథ అక్కడితో అయిపోదు. ఇళ్లకిచ్చే ఐపీలు చాలావరకు, స్పామ్‌ని అడ్డుకునే స్పామ్‌హాస్ వాళ్ల పీబీఎల్ జాబితాలో ముందే ఉంటాయి. మీరు ఏ తప్పూ చేయనక్కర్లేదు, "ఇక్కడి నుంచి నేరుగా మెయిల్ రాకూడదు" అని చెప్పే జాబితా అది. పైగా మీ ఐపీ నుంచి పేరు రాబట్టే రివర్స్ డీఎన్ఎస్ మీ డొమైన్ సెట్టింగుల్లో పెట్టుకునేది కాదు. ఐపీ ఎవరిదో వాళ్లే పెట్టాలి. అది సరిగా లేకపోతే చాలా సర్వర్లు తలుపు దగ్గరే తిప్పి పంపేస్తాయి.

నేను ఈ పని చేసి నష్టపోయాను. ఒక ఉద్యోగానికి దరఖాస్తు నా ఇంటి సర్వర్ నుంచే పంపాను. అవతలి సర్వర్ 250 చెప్పింది, అంటే తీసుకుంది. నా లాగ్‌లో అంతా సవ్యంగానే ఉంది. మూడు వారాల తర్వాత ఫోన్ చేస్తే అది స్పామ్ ఫోల్డర్‌లో ఉందని తెలిసింది. గడువు అప్పటికే దాటింది. తిప్పి పంపితే మనకు తెలుస్తుంది, తీసుకుని పక్కన పడేస్తే ఎలా తెలుస్తుంది? ఆ రోజు నుంచి బయటికి పోయే మెయిల్ విషయంలో నేను సాహసాలు చేయను.

తూనీగ

మునిమాపు గారి బాధ అర్థమైంది. కానీ "వదిలేయండి" అన్న మాట మొత్తం సర్వర్‌కి అంటించకండి. మెయిల్ సర్వర్ అని మనం ఒక్క మాటలో అంటున్నది మూడు పనులు. తీసుకోవడం ఒకటి, దాచి చదివించడం ఒకటి, బయటికి పంపడం ఒకటి. కష్టమంతా మూడోదానిలోనే ఉంది. మొదటి రెండూ ఇంట్లో హాయిగా నడుస్తాయి.

కరెంటు పోతే వచ్చే మెయిల్ పోతుందేమో అని చాలామందికి టెన్షన్. పోదు. అవతలి సర్వర్ దాన్ని క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం 4, 5 రోజులు ఆగమని మెయిల్ పంపకానికి ఆధారమైన ఎస్ఎంటీపీ ప్రమాణమే చెబుతోంది, పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు ఆగుతుంది. ఈ పద్ధతి 1982 నాటి మొదటి ఎస్ఎంటీపీ పత్రం వచ్చిన కాలం నాటిది. అప్పట్లో కంప్యూటర్లు ఎప్పుడూ కనెక్ట్ అయి ఉండేవి కావు, అందుకే ఓపిక దాని ఒంట్లోనే ఉంది.

నేను ఆరేళ్లుగా పంపడం కూడా ఇంటి నుంచే చేస్తున్నాను. కాకపోతే నాకు మారని ఐపీ ఉంది, రివర్స్ డీఎన్ఎస్ రాయించుకున్నాను, మెయిల్ నిజంగా నా డొమైన్‌దేనని చూపే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉన్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో ఇంకా గట్టిపడ్డాయి. మీకు మారే ఐపీ కాబట్టి ఆ దారి వద్దు.

చుక్కాని

తూనీగ గారి విభజన పట్టుకునే ముందుకు వెళదాం. నా సలహా ఇది. ముందు బయటి ప్రపంచం ఉందన్న సంగతే మరిచిపోండి. ఇంట్లో నుంచి ఇంట్లోకి ఒక్క మెయిల్ వెళ్లాలి. అది కుదిరాకే తర్వాతి మెట్టు.

ఇంటి లోపలి పేరుకి డాట్ లోకల్ వాడకండి. ప్రింటర్లు, ఫోన్లు ఒకదాన్నొకటి వెతుక్కునే ఎండీఎన్ఎస్‌కి అది కేటాయించిన పేరు, రెండూ తగువు పడతాయి. ఇళ్ల కోసమే 2018లో హోమ్ డాట్ ఆర్పా అని ఒకటి ఇచ్చారు, అది వాడండి. పోస్ట్‌ఫిక్స్‌లో మైడెస్టినేషన్ (ఈ మెషీన్‌వే అయిన పేర్లు) అనే వరుసలో ఆ పేరూ లోకల్‌హోస్టూ ఉంటే చాలు.

రూట్‌కి (సిస్టమ్ అడ్మిన్ ఖాతాకి) వచ్చే మెయిల్ మీ మామూలు యూజర్‌కి రావాలంటే ఎలియాసెస్ ఫైల్‌లో ఒక వరుస రాసి, న్యూఎలియాసెస్ కమాండ్ కొట్టాలి. ఆ కమాండ్ కొట్టకపోతే ఫైల్‌లో ఎంత రాసినా పోస్ట్‌ఫిక్స్ పాతదే చదువుతుంది.

మొదటి మెయిల్ మాత్రం చేత్తో పంపండి. టెల్‌నెట్‌తో సర్వర్ పోర్ట్ 25కి వెళ్లి, ఈహెచ్ఎల్ఓ అని పలకరించి, ఎవరి నుంచో, ఎవరికో చెప్పి, డేటా అనండి. 354 వస్తుంది. ఉత్తరం రాసి, చివర ఒక వరుసలో చుక్క ఒక్కటే పెట్టి ఎంటర్ కొట్టండి. 250 రావాలి. ఒక్కసారి ఇలా చేస్తే లాగ్ చదవడం దానంతట అదే వస్తుంది.

గూటిపిట్ట

వచ్చిందండీ! చుక్క పెట్టి ఎంటర్ కొట్టగానే 250, క్యూ నంబర్. వెంటనే మెయిళ్లు దాచే మెయిల్‌డిర్‌లో న్యూ అనే ఫోల్డర్ తెరిచి చూస్తే ఒక ఫైల్. ఫైల్‌ని చూపించే క్యాట్ కమాండ్ కొడితే నేను రాసిన ఒక్క వరుస, దాని పైన "రిసీవ్డ్" అని మొదలయ్యే వరుసలు, అందులో నా సర్వర్ పేరు. ఇన్నేళ్లు మెయిల్ వాడాను కానీ దాన్ని ఇలా మామూలు అక్షరాలుగా చేతిలోకి తీసుకుని చూడటం ఇదే మొదటిసారి.

ఇప్పుడు డవ్‌కాట్ దగ్గర చిక్కు. ఓ గైడ్‌లో చూసి మెయిల్ లొకేషన్ వరుస యథాతథంగా రాశాను. సర్వీస్ లేవడమే లేదు.

తూనీగ

ఆ గైడ్ పాతది. 2025 జనవరిలో వచ్చిన డవ్‌కాట్ 2.4లో కాన్ఫిగ్ రాసే తీరే మారిపోయింది, డెబియన్ 13లో వచ్చేది అదే. మెయిల్ లొకేషన్ అనే వరుస ఇప్పుడు లేదు. మెయిల్ డ్రైవర్ అని ఒకటి, మెయిల్ పాత్ అని ఒకటి విడిగా రాయాలి. సర్టిఫికెట్, కీ వరుసల పేర్లూ మారాయి, వాటి ముందు పెట్టే బాణం గుర్తు ఇప్పుడు అక్కర్లేదు. అన్నిటికంటే పైన కాన్ఫిగ్ ఏ వెర్షన్‌దో చెప్పే వరుస ఉండాలి. 2.3 అని రాసి ఉన్న ఏ గైడ్ నుంచీ కాపీ కొట్టకండి. డెబియన్ ఇచ్చిన ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు ఉంచి, మీకు కావాల్సినవే మార్చండి.

సర్టిఫికెట్ గురించి ఇప్పుడే చెప్పేస్తాను. సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలుగా ఇచ్చేది 90 రోజులకి. దాన్ని మార్చే పని తనంతట తానే జరుగుతుంది, కానీ కొత్తది వచ్చాక డవ్‌కాట్‌ని రీలోడ్ చేయాలి. లేకపోతే మెమరీలో ఉన్న పాతదే అందరికీ చూపిస్తూ ఉంటుంది. ఒక రోజు పొద్దున్నే ఇంట్లో అన్ని ఫోన్లలో ఒకేసారి మెయిల్ ఆగిపోయింది. డిస్కులో చూస్తే సర్టిఫికెట్ కొత్తదే ఉంది. రీలోడ్ వరుస ఒక్కటి రాయలేదు, అంతే. అది కనుక్కోవడానికి నాకు మధ్యాహ్నం అయింది.

ఆరోమెట్టు

మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. నాకూ దగ్గర్లోనే ఒక సమస్య. నా సొంత డొమైన్ మెయిల్ బయటి కంపెనీ దగ్గరే ఉంది. ఇంట్లో పోస్ట్‌ఫిక్స్ అలర్ట్‌ల కోసం పెట్టాను. అందరికీ మెయిల్ వెళుతోంది, మా ఆవిడ చిరునామాకి మాత్రం "యూజర్ అన్‌నోన్" అని తిరిగి వస్తోంది. తనది కూడా అదే డొమైన్.

చుక్కాని

ఆ డొమైన్ పేరు మీ మైడెస్టినేషన్‌లో ఉండి ఉంటుంది. అక్కడ పేరు రాయడమంటే "ఈ ఇంటి ఉత్తరాలన్నీ నావే, బయట వెతకొద్దు" అని పోస్ట్‌ఫిక్స్‌కి చెప్పడం. అది మీ ఆవిడ పేరుతో ఆ మెషీన్‌లో యూజర్ ఉన్నారా అని చూసి, లేరని తిప్పి పంపుతోంది. డొమైన్‌ని ఆ వరుసలోంచి తీసేయండి.

ఆరోమెట్టు

తీశాను. వెళ్లింది. రెండు రోజులుగా కంపెనీ వాళ్ల సెట్టింగుల్లోనే వెతుకుతున్నాను. చాలా థాంక్స్.

గూటిపిట్ట

డవ్‌కాట్ లేచింది. ఫోన్‌లో ఐమ్యాప్ (మెయిల్ చదివే పద్ధతి), పోర్ట్ 993, ఇంటి వైఫైలో బాగుంది. ఇంకా రెండున్నాయి. ఊళ్లో లేనప్పుడు ముఖ్యమైన అలర్ట్‌లు బయటి ఖాతాకి కూడా వెళ్లాలి. రెండోది ప్రింటర్. స్కాన్ పంపమంటే "సర్వర్ కనెక్షన్ ఎర్రర్" అంటోంది. లాగ్‌లో టీఎల్ఎస్ (కనెక్షన్ గుప్తీకరణ) గొడవ కనిపిస్తోంది.

చుక్కాని

అలర్ట్‌లకి రిలేహోస్ట్ వాడండి. మీ బయటి ఖాతా సర్వర్‌కే 587 మీద లాగిన్ అయి పంపమని పోస్ట్‌ఫిక్స్‌కి చెప్పడమే. మూడు చోట్ల చాలామంది తట్టుకుని పడతారు కాబట్టి ముందే చెబుతున్నాను.

సర్వర్ పేరుని చదరపు బ్రాకెట్లలో రాయాలి, లేదంటే అది డొమైన్ మెయిల్ ఎక్కడికి రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు వెతుక్కుంటూ వేరే చోటికి పోతుంది. లాగ్‌లో "నో మెకానిజం అవైలబుల్" అని వస్తే లాగిన్‌కి కావాల్సిన ఎస్ఏఎస్ఎల్ మాడ్యూళ్ల ప్యాకేజీ వేయలేదని అర్థం, పాస్‌వర్డ్ తప్పు కాదు. ఇక మూడోది, రూట్ ఎట్ హోమ్ డాట్ ఆర్పా అని పంపితే బయటి సర్వర్ ఒప్పుకోకపోవచ్చు. జెనరిక్ మ్యాప్‌లో ఆ చిరునామా బదులు మీ నిజమైన చిరునామా వెళ్లేలా రాయండి. ఖాతాకి రెండంచెల భద్రత ఉంటే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

ప్రింటర్ పాతది అనుకుంటా. టీఎల్ఎస్ 1.0 దాటి దానికి రాదు, డెబియన్ 13 దాన్ని ఒప్పుకోదు. సర్వర్ మొత్తానికి భద్రత తగ్గించకండి. ప్రింటర్‌కి మారని లోపలి ఐపీ ఒకటి ఇచ్చి, దానికి మాత్రం టీఎల్ఎస్ లేకుండా 25 మీద పంపే వీలివ్వండి. మైనెట్‌వర్క్స్ (సర్వర్ నమ్మే ఐపీల జాబితా)లో ఆ ఒక్క ఐపీ, /32 (అంటే ఆ ఒక్క చిరునామాయే) పెట్టి.

గూటిపిట్ట

రిలేహోస్ట్ మొదటిసారికే వెళ్లింది. ప్రింటర్ కూడా పంపింది. మైనెట్‌వర్క్స్‌లో మొత్తం 192.168.1.0/24, అంటే ఇంట్లోని అన్ని ఐపీలూ, రాసేశాను, కెమెరా కూడా ఉంది కదా అని.

*(మూడు రోజుల తర్వాత)*

గూటిపిట్ట

అర్జెంట్. నిన్న రాత్రి సొంత డొమైన్‌కి వచ్చే మెయిల్ కూడా ఇంటికే రావాలని ఎంఎక్స్ రికార్డు మార్చి, రౌటర్‌లో 25 తెరిచాను. మెయిల్ వచ్చింది కూడా, సంతోషంగా పడుకున్నాను. పొద్దున లేచేసరికి క్యూలో 312 మెయిళ్లు. ఒక్కటీ నాది కాదు. రోజువారీ పరిమితి దాటిందని బయటి ఖాతా నా పంపకం ఆపేసింది. పాస్‌వర్డ్ ఎవరైనా కొట్టేశారా?

తూనీగ

ముందు రౌటర్‌లో 25 మూసేయండి. పోస్ట్‌ఫిక్స్ ఆపండి. ఆ తర్వాత లాగ్‌లో "కనెక్ట్ ఫ్రమ్" వరుసల్లో ఏ ఐపీ ఉందో చెప్పండి. నా అనుమానం నాకుంది.

గూటిపిట్ట

రెండూ ఆపాను. అన్నిట్లో ఒకటే, 192.168.1.1. అది నా రౌటరే కదా?

తూనీగ

అనుకున్నంతా అయింది. పాస్‌వర్డ్ ఎవరూ కొట్టలేదు. కొన్ని రౌటర్లు పోర్ట్ ఫార్వర్డ్ చేసేటప్పుడు బయటి వాళ్ల అసలు ఐపీ తీసేసి, తమ ఐపీ అతికించి లోపలికి పంపుతాయి. అప్పుడు ప్రపంచంలో ఎవరు తలుపు తట్టినా మీ సర్వర్‌కి రౌటరే తట్టినట్టు కనిపిస్తుంది. మీరేమో 192.168.1.0/24 మొత్తాన్ని "మన ఇంటివాళ్లు, అడక్కుండా ఎక్కడికైనా పంపు" అని రాశారు. రౌటర్ కూడా ఆ ఇంట్లోదే. అలా తెలియకుండానే ఓపెన్ రిలే, అంటే ఎవరి మెయిలైనా పంపేసే సర్వర్, అయింది. ఇలాంటి సర్వర్లను వెతికే స్కానర్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి, ఒక్క రాత్రి చాలు.

ప్రోగ్రాంలను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్‌లో మెయిల్ సర్వర్ పెట్టేవాళ్లకీ ఇదే గండం ఉంది. అక్కడ కొన్ని సెట్టింగుల్లో అందరూ 172.17.0.1 నుంచి వచ్చినట్టే కనిపిస్తారు. ఈ దారం చదివేవాళ్లు ఎవరైనా 25 తెరిచి ఉంటే ఇప్పుడే లాగ్ తెరిచి, బయటి మెయిల్ వచ్చినప్పుడు బయటి ఐపీ కనిపిస్తోందో లేదో చూసుకోండి.

చుక్కాని

మైనెట్‌వర్క్స్‌లో 127.0.0.0/8 (అంటే ఆ మెషీనే), ప్రింటర్ /32, కెమెరా /32. అంతే, ఇంకేమీ ఉండకూడదు. ఇంట్లోని మిగతావాళ్లు 587 మీద పాస్‌వర్డ్‌తోనే పంపాలి.

క్యూని ఒక్క దెబ్బతో ఊడ్చేయకండి. ముందు లిస్టు చూసి, మీ అలర్ట్ ఏదైనా మధ్యలో ఇరుక్కుందేమో చూడండి. తర్వాతే పోస్ట్‌సూపర్ కమాండ్‌తో తీసేయండి. కారణం పాస్‌వర్డ్ కాకపోయినా యాప్ పాస్‌వర్డ్ మాత్రం మార్చండి.

ఒక్క /32 గురించి అంత గట్టిగా చెప్పడానికి కారణం చెప్పకుండా వదిలేశాను. ఎందుకో చెప్పి ఉంటే మీరు /24 రాసేవారు కాదు. ఆ తప్పు నాది. మీరు రాశాక కూడా నేను చూసి అడ్డు చెప్పలేదు.

గూటిపిట్ట

మీ తప్పేమీ లేదండీ, మీరు "ఆ ఒక్క ఐపీ" అని స్పష్టంగానే రాశారు. అన్నీ సరిచేశాను. క్యూలో నా బ్యాకప్ రిపోర్ట్ ఒకటి దొరికింది, దాన్ని ఉంచి మిగతావి తీసేశాను. ఖాతా సాయంత్రానికి మామూలైంది.

ఒకటి నిర్ణయించుకున్నాను. 25 మళ్లీ తెరవను. ఎంఎక్స్ రికార్డు బయటి కంపెనీ వైపే తిప్పేశాను. అక్కడికి వచ్చిన మెయిల్‌ని ఇంటికి లాక్కునే పద్ధతి ఏది బాగుంటుంది? పాత ఉత్తరాలకీ అదే పనికొస్తే మంచిది.

మునిమాపు

ఇది మంచి నిర్ణయం. ఎంబీసింక్ వాడండి, ఐసింక్ ప్యాకేజీలో వస్తుంది. సింక్ పుల్ అని పెడితే ఒక వైపే నడుస్తుంది, బయటి ఖాతాలో దేన్నీ ముట్టుకోదు. నేరుగా మెయిల్‌డిర్‌లోకి రాయించకుండా రెండో వైపు మీ డవ్‌కాట్‌నే ఐమ్యాప్‌గా ఇవ్వండి. ఫోల్డర్ పేర్ల తకరారు ఉండదు. మొదట ఒక చిన్న ఫోల్డర్‌తో చూసి, ఉత్తరాల లెక్క రెండు వైపులా సరిపోయాకే మొత్తం లాగండి.

ఊళ్లో లేనప్పుడు ఇంటి మెయిల్ చూడాలంటే 993 కూడా తెరవకండి. ఇంటికి వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టుకుని దాని మీదుగా చూడండి. నేను తెరిచి ఉంచిన రోజుల్లో లాగ్ నిండా పాస్‌వర్డ్ ఊహించే ప్రయత్నాలే ఉండేవి.

గూటిపిట్ట

వైర్‌గార్డ్ పెట్టాను, ఫోన్‌లో పనిచేస్తోంది. ఎంబీసింక్‌కి మొత్తం తేవడానికి రెండు రాత్రులు పట్టింది. లెక్క సరిపోయింది. నాన్నగారి ఉత్తరాలు 41 ఉన్నాయి. వాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ని విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా తీశాను.

ఆరోమెట్టు

మెయిల్‌డిర్ బ్యాకప్‌కి సర్వర్ ఆపాలా?

చుక్కాని

అక్కర్లేదు. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైల్, రాయడం పూర్తయ్యాకే న్యూలోకి వస్తుంది. మామూలు ఆర్‌సింక్ (కాపీ కమాండ్) చాలు. సగం రాసిన ఉత్తరం కాపీలోని న్యూలోకి రాదు. కాపీ నడుస్తుండగా మీరు చదివితే ఒక ఫైల్ పేరు మారవచ్చు, మర్నాటి కాపీలో అది సర్దుకుంటుంది.

గూటిపిట్ట

ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నిన్న రాత్రి 2.14కి ఇంటి సర్వర్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. డిస్కుల ఆరోగ్యం చూసే స్మార్ట్‌డీ పంపింది. బ్యాకప్ డిస్కులో 8 సెక్టార్లు చదవడం కుదరడం లేదని. పొద్దున ఫోన్‌లో ఆ మెయిలే ముందు కనిపించింది.

నాన్నగారి ఫోల్డర్ వేరే చోట ఉంది కాబట్టి కంగారు లేదు. కొత్త డిస్కు పెట్టాను. కాపీ నడుస్తోంది, ఇప్పటికి 63 శాతం అయింది.